పరిశోధన వ్యాసాల శాశ్వత గుర్తింపు సంకేతాలు

నిర్వచనం, పరిధి

పరిశోధన వ్యాసం ఏ సర్వరులో ఉన్నా, దాని వెబ్ చిరునామా ఎన్నిసార్లు మారినా, ఆ ఒక్క వ్యాసాన్నే సూచించేలా ఒక నమోదు వ్యవస్థ కేటాయించే అంకెల, అక్షరాల వరుసను శాశ్వత గుర్తింపు సంకేతం అంటారు. డీఓఐ, పబ్‌మెడ్ ఐడీ, ఆర్కైవ్ సంఖ్య, బిబ్‌కోడ్, హ్యాండిల్, ఆర్క్ వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి. రచయిత, పత్రిక, సంపుటం, పుట చెప్పి వ్యాసాన్ని ఉదహరించే పాత పద్ధతి వీటి రాకతో పోలేదు. దాని పక్కన, కంప్యూటరు తడబడకుండా చదువుకోగలిగే మరో ఆనవాలుగా ఇవి చేరాయి.

సంకేతం వేరు, వెబ్ చిరునామా వేరు, గ్రంథసూచి వివరాలు వేరు. చిరునామా వ్యాసం ప్రస్తుతం ఉన్న చోటు చెబుతుంది. వివరాలు అదేమిటో చెబుతాయి. సంకేతం మాత్రం అది ఫలానాదే, మరొకటి కాదని చెప్పి ఊరుకుంటుంది. డేటాబేసుల్లో ఉల్లేఖనలకు సంబంధించిన చిక్కులు చాలావరకు ఈ మూడింటినీ కలిపివేయడం వల్ల పుట్టేవే.

మానవ జన్యుక్రమపు తొలి ముసాయిదాను వివరించిన అంతర్జాతీయ బృందపు వ్యాసం 2001 ఫిబ్రవరి 15 నాటి ‘నేచర్’ పత్రికలో, 409వ సంపుటం 860వ పుటలో మొదలవుతుంది. దాని డీఓఐ 10.1038/35057062. పబ్‌మెడ్ ఐడీ 11237011. ఖగోళ శాస్త్రజ్ఞుల కోసం నాసా నిధులతో నడిచే సూచికలో దానికి బిబ్‌కోడ్ కూడా ఉంది. వ్యాసం ఒకటే, పేర్లు మూడు. ప్రోటీన్ల డేటాబేసో, జన్యువుల డేటాబేసో తన సమాచారానికి ఆధారంగా ఈ వ్యాసాన్ని చూపదలచుకుంటే ఏ పేరు రాసుకోవాలి, ఎలా రాసుకోవాలి అన్నది ఇక్కడ ప్రధాన విషయం.

చరిత్ర

సంకేతాలు మొదట వ్యాసాలకు రాలేదు, పత్రికలకు వచ్చాయి. రసాయన శాస్త్ర సాహిత్యంలో కోడెన్ అనే ఆరు స్థానాల పొడిపేర్లు నడిచాయి. 1975లో ఐఎస్‌ఓ 3297 ప్రమాణంగా స్థిరపడిన ఐఎస్‌ఎస్‌ఎన్, సీరియల్ ప్రచురణలన్నిటికీ ఎనిమిది స్థానాల సంఖ్యనిచ్చింది. వ్యాసాన్ని పట్టుకోవడానికి మాత్రం సంపుటం, పుట, సంవత్సరాలే దిక్కు. 1964లో యూజీన్ గార్‌ఫీల్డ్ వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ కూడా వాటిమీదే నడిచింది. ఎవరైనా పుట సంఖ్య తప్పుగా వేస్తే ఆ ఉల్లేఖన సరైన వ్యాసం ఖాతాలో పడేది కాదు.

1990ల మొదట్లో ఒక్కో శాస్త్ర విభాగం తన అవసరానికి తగిన ఏర్పాటు తాను చేసుకుంది. 1991 ఆగస్టులో పాల్ గిన్‌స్పార్గ్ లాస్ అలమోస్‌లో ప్రారంభించిన ఆర్కైవ్ ప్రీప్రింటు భాండారం, వచ్చిన ప్రతి వ్యాసానికీ విభాగం పేరుతో కూడిన వరుస సంఖ్య ఇచ్చేది. 2001లో అది కోర్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. వైద్య సాహిత్యం విషయానికి వస్తే, 1996లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం పబ్‌మెడ్‌ను తెచ్చింది. అంతవరకు మెడ్‌లైన్‌లో ఉన్న పాత గుర్తింపు సంఖ్య స్థానంలోకి క్రమంగా పబ్‌మెడ్ ఐడీ వచ్చింది.

ప్రచురణకర్తల వైపు నుంచి 1995లో పీఐఐ వచ్చింది. కొన్ని పెద్ద శాస్త్ర ప్రచురణ సంస్థలు తమలో తాము ఒప్పుకున్న 17 స్థానాల సంకేతమది. దాని పక్కనే సిసి అనే అమెరికన్ ప్రమాణం ఉండేది. పత్రిక ఐఎస్‌ఎస్‌ఎన్, తేదీ, సంపుటం, పుట, శీర్షికలోని కొన్ని అక్షరాలు, అన్నిటినీ ఒకే వరుసలో ఇరికించే పద్ధతి అది. చూడగానే వ్యాసం వివరాలు తెలియాలన్న కోరికతో పుట్టిన ఈ సిసి, ఆ కారణం వల్లే కోణాకారపు బ్రాకెట్లు, సెమికోలన్లు, కోలన్లతో నిండిపోయింది. దాన్ని డీఓఐలో భాగంగా వాడిన 1990ల వ్యాసాలు ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ రాసేవారిని ఇబ్బంది పెడుతూనే ఉన్నాయి.

అన్ని విభాగాలకూ ఉమ్మడిగా పనికొచ్చే వ్యవస్థకు పునాది, రాబర్ట్ కాన్ నాయకత్వంలోని అమెరికా సంస్థ సీఎన్‌ఆర్‌ఐ రూపొందించిన హ్యాండిల్ వ్యవస్థ. ఇంటర్నెట్ ప్రోటోకాళ్ల రూపకర్తల్లో ఒకరు కాన్. హ్యాండిల్ ఆధారంగా నిర్మించిన డీఓఐని 1997 ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనలో ప్రకటించారు. 1998లో అంతర్జాతీయ డీఓఐ ఫౌండేషన్ ఏర్పడింది. వాడకం ఊపందుకున్నది 2000లో క్రాస్‌రెఫ్ వచ్చాక. అచ్చు మార్కెట్లో పోటీదారులైన ప్రచురణకర్తలు, ఒకరి వ్యాసం చివరి ఉల్లేఖనల నుంచి మరొకరి వ్యాసానికి నేరుగా లంకె వేయడానికి కలిసి పెట్టుకున్న లాభాపేక్షలేని సంస్థ ఇది. పరిశోధన డేటాకు డీఓఐలిచ్చే డేటాసైట్ 2009 డిసెంబరులో లండన్‌లో ఏర్పడింది. 2012లో డీఓఐ ఐఎస్‌ఓ 26324 ప్రమాణమైంది.

ప్రధాన రకాలు

డీఓఐ (చూ. హ్యాండిల్ వ్యవస్థ; క్రాస్‌రెఫ్; డేటాసైట్)

డీఓఐకి రెండు భాగాలు, మధ్య ఏటవాలు గీత. ముందున్న ప్రిఫిక్సు ఎప్పుడూ 10తో, చుక్కతో మొదలవుతుంది. తరువాతి అంకెలు దాన్ని పొందిన సంస్థవి. గీత తరువాతి సఫిక్సును ప్రచురణకర్త తన ఇష్టప్రకారం పెట్టుకుంటాడు. అది అంకెలే కావచ్చు, పీఐఐ కావచ్చు, అర్థంలేని అక్షరాల గుంపూ కావచ్చు. పొడవుకు పరిమితి లేదు. డీఓఐ వ్యవస్థ గురించిన అధికారిక కరదీపికకే 10.1000/182 అనే పొట్టి డీఓఐ ఉంది.

ప్రిఫిక్సు చూసి ప్రచురణకర్తను ఊహించకూడదు. పత్రికలు చేతులు మారుతుంటాయి. కొత్త యజమాని పాత డీఓఐలను మార్చకుండా, అవి చూపే చిరునామాలను మాత్రం సవరించాలి. అందువల్ల ప్రిఫిక్సు ఆ డీఓఐని మొదట ఎవరు నమోదు చేశారో చెబుతుంది, వ్యాసం నేడు ఎవరి చేతిలో ఉందో చెప్పదు. ఆంగ్ల అక్షరాల పెద్ద, చిన్న రూపాలకు డీఓఐలో తేడా లేదు. ఈ చిన్న నియమం తెలియక ఒకే వ్యాసాన్ని రెండుసార్లు నమోదు చేసుకున్న డేటాబేసులు తక్కువేమీ కాదు.

డీఓఐలన్నీ క్రాస్‌రెఫ్ ఇచ్చినవేనన్న అపోహ ఉంది. క్రాస్‌రెఫ్‌లో 15 కోట్లకు పైగా రికార్డులున్న మాట నిజమే. కానీ డేటాసైట్‌తో పాటు జపాన్, చైనా, దక్షిణ కొరియా, ఐరోపాల్లో వేరే నమోదు ఏజెన్సీలున్నాయి. క్రాస్‌రెఫ్‌లో వెతికితే దొరకలేదని డీఓఐని తప్పుడుదిగా కొట్టేయరాదు. ఫలానా డీఓఐ ఏ ఏజెన్సీదో డీఓఐ ఫౌండేషన్ సేవనే అడిగి తెలుసుకోవచ్చు.

పబ్‌మెడ్ ఐడీ, పీఎంసీ ఐడీ (చూ. మెడ్‌లైన్)

పబ్‌మెడ్ ఐడీ వట్టి పూర్ణసంఖ్య. ఇప్పటికి గరిష్ఠంగా ఎనిమిది అంకెలు. వ్యాసం పూర్తి పాఠం కాదు, పబ్‌మెడ్‌లోని సారాంశ రికార్డు దీని గమ్యం. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మరో వ్యాసానికి తిరిగి ఇవ్వరు. పొరపాటున రెండుసార్లు చేరిన రికార్డులను తొలగించినప్పుడు ఆ సంఖ్యల జాబితాను గ్రంథాలయం విడిగా ప్రకటిస్తుంది. పబ్‌మెడ్‌లో 3.7 కోట్లకు పైగా రికార్డులున్నాయి. అవన్నీ జీవ, వైద్య శాస్త్రాల పరిధిలోనివి, వాటి పొరుగువి.

పీఎంసీ ఐడీ వేరు. పబ్‌మెడ్ సెంట్రల్ 2000లో మొదలైన ఉచిత పూర్తిపాఠ భాండారం. దాని సంఖ్య ముందు పీఎంసీ అన్న మూడక్షరాలు తప్పనిసరి. ఆ అక్షరాలు రాలిపోతే మిగిలే సంఖ్య చూపులకు పబ్‌మెడ్ ఐడీలాగే ఉంటుంది, తీసుకుపోయేది మాత్రం వేరే వ్యాసానికి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులు పొందినవారు 2008 నుంచి తమ వ్యాసాలకు పీఎంసీ ఐడీ చూపాల్సి రావడంతో ఈ సంఖ్య పరిపాలన పత్రాల్లోకీ వచ్చింది.

ఆర్కైవ్ సంఖ్య, బిబ్‌కోడ్ (చూ. ప్రీప్రింటు)

2007 ఏప్రిల్ నుంచి ఆర్కైవ్ సంఖ్యలో మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, నెల. చుక్క తరువాత వరుస సంఖ్య. ఆ నెల తొలి వ్యాసం 0704.0001. వ్యాసాల తాకిడి పెరిగి 2015 జనవరి నుంచి చుక్క తరువాత ఐదంకెలయ్యాయి. చివర వెర్షన్ సంఖ్య చేరిస్తే ఆ ప్రతినే, చేర్చకపోతే సరికొత్త ప్రతిని చూపుతుంది. 2022 నుంచి ఆర్కైవ్ తన వ్యాసాలకు డేటాసైట్ ద్వారా 10.48550 ప్రిఫిక్సుతో డీఓఐలు కూడా ఇస్తోంది.

బిబ్‌కోడ్ 19 స్థానాల సంకేతం. సంవత్సరం, పత్రిక పొడిపేరు, సంపుటం, పుట, చివర మొదటి రచయిత ఇంటిపేరులోని తొలి అక్షరం. ఖాళీ స్థానాల్లో చుక్కలు పెడతారు. మనిషి చదివి అర్థం చేసుకోగల సంకేతాల్లో బతికి బట్టకట్టినది ఇదొక్కటే అనవచ్చు. పత్రికలు పరిమితంగా ఉండి, సూచికను ఒకే బృందం శ్రద్ధగా చూసుకునే ఖగోళ శాస్త్రంలో కాబట్టి అది సాధ్యమైంది. ఇంటిపేరు అన్న భావన మాత్రం అన్ని సమాజాలకూ ఒకేలా అమరదు. తెలుగువారి ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, వ్యక్తి పేరు చివర వస్తుంది. చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకునే సూచికల్లో బిబ్‌కోడ్ చివరి అక్షరం వ్యక్తి పేరుది అవుతుంది.

హ్యాండిల్, ఆర్క్, యూఆర్‌ఎన్, పర్ల్

విశ్వవిద్యాలయాల భాండారాల్లో హ్యాండిల్ ఎక్కువ. 2002లో ఎంఐటీ గ్రంథాలయాలు, హ్యూలెట్ ప్యాకర్డ్ కలిసి విడుదల చేసిన డీస్పేస్ సాఫ్ట్‌వేర్ దాన్ని తనతోపాటు వ్యాప్తి చేసింది. 2001లో జాన్ కుంజె ప్రతిపాదించిన ఆర్క్ సంకేతాలకు రుసుము లేదు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వంటివి వీటిని విస్తారంగా వాడుతున్నాయి. జాతీయ గ్రంథసూచి సంఖ్యల ఆధారంగా నడిచే యూఆర్‌ఎన్‌లు జర్మనీ, ఫిన్లాండ్ వంటి ఐరోపా దేశాల్లో సిద్ధాంత గ్రంథాలకు వాడుకలో ఉన్నాయి. ఓసీఎల్‌సీ 1995లో మొదలుపెట్టిన పర్ల్ సేవ 2016లో ఇంటర్నెట్ ఆర్కైవ్ చేతికి మారింది. పత్రికా వ్యాసాల ఉల్లేఖనలో ఈ నాలుగింటి పాత్ర డీఓఐతో పోలిస్తే తక్కువ.

పనిచేసే తీరు

పాఠకుడు డీఓఐ లంకెను నొక్కినప్పుడు అభ్యర్థన ముందు డీఓఐ ఫౌండేషన్ నడిపే ప్రాక్సీ సర్వరుకు వెళ్తుంది. ఆ ప్రిఫిక్సుకు బాధ్యత వహించే హ్యాండిల్ సర్వరు ఏదో అది కనుక్కుని, ఆ సర్వరులో నమోదైన వెబ్ చిరునామాను తెచ్చి, బ్రౌజరును అక్కడికి మళ్లిస్తుంది. ప్రచురణకర్త వెబ్‌సైటు మారినప్పుడు ఆ నమోదును ఒక్కచోట దిద్దితే చాలు, వేల పత్రికల్లో అచ్చయిపోయిన లంకెలన్నీ కొత్త చోటికి వెళ్తాయి. అదే డీఓఐని వెబ్ పేజీకి బదులు యంత్రం చదివే రూపంలో అడిగితే శీర్షిక, రచయితలు, పత్రిక, తేదీ వంటి వివరాలొస్తాయి. డేటాబేసులకు ఈ రెండో సౌకర్యమే ఎక్కువ విలువైనది.

శాశ్వతత్వం అంకెల్లో లేదు, వాటి వెనకున్న సంస్థల కట్టుబాటులో ఉంది. నమోదును ఎవరూ దిద్దకపోతే డీఓఐ కూడా మామూలు లంకెలాగే చస్తుంది. 2015 జనవరి 20న డీఓఐ సేవ నడిచే డొమైన్ పేరు సకాలంలో రెన్యువల్ కాక ప్రపంచమంతటా డీఓఐ లంకెలు కొంతసేపు పనిచేయలేదు. సంకేతాలు చెక్కుచెదరలేదు, వాటిని చిరునామాలుగా మార్చే ద్వారం మూతపడింది. డీఓఐని పూర్తి లంకెగా కాక 10తో మొదలయ్యే అసలు రూపంలో భద్రపరచుకున్న డేటాబేసులకు, ద్వారం పేరు రేపు మారినా తమ నిల్వను దిద్దుకోవలసిన అవసరం రాదు.

సంకేతం లేని లంకెల గతి ఏమిటో 2014లో మార్టిన్ క్లైన్, హెర్బర్ట్ వాన్ డె సోంపెల్ తదితరుల అధ్యయనం చూపింది. 1997–2012 మధ్య వెలువడిన శాస్త్ర వ్యాసాలను పరిశీలించి, ఐదింటిలో ఒక వ్యాసంలో వెబ్ ఉల్లేఖనలు చెడిపోయాయని వారు తేల్చారు. పేజీ మాయమైపోవడమే కాదు, పేజీ ఉండి లోపలి విషయం మారిపోవడాన్నీ వారు లెక్కలోకి తీసుకున్నారు.

డేటాబేసులో ఎంపిక

ప్రస్తుత డేటాబేసుల అనుభవం

జీవశాస్త్రంలో ఈ ఎంపిక చాలాకాలంగా నడుస్తోంది. 1986లో ఆమోస్ బైరాక్ మొదలుపెట్టిన స్విస్-ప్రాట్‌కు కొనసాగింపైన యూనిప్రాట్, ప్రతి ప్రోటీన్ రికార్డులోనూ ఆధార వ్యాసాల కోసం ప్రత్యేకమైన వరుస కేటాయించింది. అందులో పబ్‌మెడ్ ఐడీ, డీఓఐ రెండూ పక్కపక్కనే ఉంటాయి. వ్యవసాయ సాహిత్యపు సూచిక అగ్రికోలా సంఖ్యకూ చోటుంది. మొక్కల ప్రోటీన్లపై వచ్చిన వ్యాసాలు కొన్ని పబ్‌మెడ్‌కు ఎక్కకపోవడమే దానికి కారణం.

1998లో మొదలైన జీన్ ఆంటాలజీ పబ్‌మెడ్ ఐడీకే పెద్దపీట వేసింది. ప్రతి జన్యు వ్యాఖ్యకూ ఆధారం చూపాల్సిన ఆరవ నిలువు వరుసలో ముందు డేటాబేసు పేరు, కోలన్, తరువాత సంఖ్య రాస్తారు. ఒకటికి మించి సంకేతాలుంటే మధ్య నిలువు గీత పెడతారు. ప్రచురితం కాని, పద్ధతికి సంబంధించిన ఆధారాలకు తన సొంత సూచిక సంఖ్యలు తయారు చేసుకుంది. ఈగల జన్యువుల డేటాబేసు ఫ్లైబేస్ మరో అడుగు ముందుకేసి, ప్రతి ఆధారానికీ, చివరకు శాస్త్రజ్ఞుల వ్యక్తిగత లేఖలకు కూడా, తన సొంత సంఖ్యనే ఇచ్చి బయటి సంకేతాలను దానికి జత చేస్తుంది.

ప్రోటీన్ డేటా బ్యాంకుకు మరో రకం చిక్కు. అణునిర్మాణాన్ని సమర్పించే నాటికి దాన్ని వివరించే వ్యాసం చాలాసార్లు ఇంకా అచ్చు కాదు. అందువల్ల ఉల్లేఖన స్థానంలో ‘ప్రచురించాల్సి ఉంది’ అన్న అర్థమిచ్చే మాట పెట్టి, తరువాత డీఓఐ, పబ్‌మెడ్ ఐడీ నింపుతారు. సంకేతం మొదటినుంచీ ఉంటుందని అనుకుని ఆ కాలమ్‌ను తప్పనిసరి చేసిన డేటాబేసు ఇటువంటి రికార్డును తీసుకోలేదు.

వికీడేటా పద్ధతి అన్నిటికన్నా విశాలం. వ్యాసానికి తన సొంత సంఖ్య ఇచ్చి, డీఓఐ, పబ్‌మెడ్ ఐడీ, పీఎంసీ ఐడీ, ఆర్కైవ్ సంఖ్యలను ఆ వ్యాసపు లక్షణాలుగా నమోదు చేస్తుంది. ఒకే డీఓఐ రెండు అంశాలలో కనబడితే నకళ్ల అనుమానం జాబితాలోకి ఎక్కుతుంది. పోల్చడం తేలికగా ఉండాలని అక్కడ డీఓఐలను పెద్ద అక్షరాల్లో రాస్తారు. క్రాస్‌రెఫ్ వైపు చిన్న అక్షరాల అలవాటు. ఏది వాడినా తప్పులేదు, ఒక డేటాబేసులో రెండూ ఉంటేనే తప్పు.

ప్రాధాన్య క్రమం

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే, బయటి సంకేతం దేన్నీ డేటాబేసు తన ప్రైమరీ కీగా పెట్టుకోకపోవడం మేలు. తన సొంత, అర్థంలేని సంఖ్యను కీగా ఉంచుకుని, మిగిలినవన్నీ దానికి వేలాడే ప్రత్యేక పట్టికలో రకం పేరుతో సహా ఉంచాలి. ఒక వ్యాసానికి రెండు డీఓఐలుండవచ్చు, అసలే లేకపోవచ్చు, రేపు కొత్తది రావచ్చు. 2021 చివర మైక్రోసాఫ్ట్ అకడమిక్ సేవ మూతపడినప్పుడు దాని సంఖ్యల మీదే ఆధారపడినవారు చిక్కుల్లో పడ్డారు. 2022 జనవరిలో మొదలైన ఓపెన్‌అలెక్స్ ఆ సంఖ్యలను కొనసాగించడంతో కొంత ఊరట కలిగింది.

చూపించడానికి మాత్రం ఒకటి ఎంచుకోవాలి. విషయ పరిధి విస్తారంగా ఉండి, రసాయనం, భౌతికం, సామాజిక శాస్త్రాల వ్యాసాలు కలిసి వచ్చే చోట డీఓఐ తప్ప మరొకటి సరిపోదు. జీవశాస్త్రానికే పరిమితమై, క్యూరేటర్లు చేత్తో సంఖ్యలు నమోదు చేసే చోట పబ్‌మెడ్ ఐడీ కుదురుగా ఉంటుంది. పొట్టిది, చదివి వినిపించవచ్చు, పాత వ్యాసాలనూ కలుపుకుంటుంది. ఖగోళ డేటాబేసుల్లో బిబ్‌కోడ్‌ను కాదని మరొకదాన్ని ముందుపెట్టడం పాఠకుల అలవాటుకు ఎదురీదడమే. ఏది ముందున్నా, వ్యాసం శీర్షిక, మొదటి రచయిత, పత్రిక, సంవత్సరం, పుట కూడా నిల్వ చేయాలి. సంకేతం తప్పు పడిందని కనిపెట్టడానికి మిగిలే సాక్ష్యం అదే.

పీఎంసీ ఐడీ, డీఓఐ, పబ్‌మెడ్ ఐడీల మధ్య మార్చుకోవడానికి అమెరికా వైద్య గ్రంథాలయం ఒక ఉచిత సేవ నడుపుతోంది. అది పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉన్న వ్యాసాలకే పనిచేస్తుంది. అక్కడ జవాబు రాకపోతే ఆ వ్యాసానికి పబ్‌మెడ్ ఐడీ లేదని అర్థం కాదు.

తప్పులు, తనిఖీ

ఐఎస్‌ఎస్‌ఎన్ చివరి స్థానం తనిఖీ అంకె. ‘నేచర్’ సంఖ్య 0028-0836 తీసుకుంటే, మొదటి ఏడు అంకెలను వరుసగా 8 నుంచి 2 వరకు గుణించి కూడితే 82 వస్తుంది. దాన్ని 11తో భాగిస్తే శేషం 5. పదకొండులోంచి ఐదు పోగా 6, చివరి అంకె అదే. ఒక అంకె తప్పు టైపు చేస్తే ఈ లెక్క కుదరదు, కంప్యూటరు అక్కడికక్కడే పట్టేస్తుంది. రచయితలకిచ్చే 16 స్థానాల ఆర్కిడ్ సంఖ్యలోనూ ఇటువంటి ఏర్పాటుంది (చూ. ఆర్కిడ్).

డీఓఐలో, పబ్‌మెడ్ ఐడీలో ఈ రక్షణ లేదు. అయినా రెండింటి ప్రమాదం ఒకటి కాదు. డీఓఐలో అక్షరం తప్పితే ఎక్కువసార్లు లంకె తెరుచుకోదు, తప్పు బయటపడుతుంది. పబ్‌మెడ్ సంఖ్యలు ఒకటి నుంచి దాదాపు నాలుగు కోట్ల వరకు దట్టంగా నిండి ఉన్నాయి. ఒక అంకె తారుమారైతే మరో నిజమైన వ్యాసం హాయిగా తెరుచుకుంటుంది. క్యూరేటరుకూ పాఠకుడికీ అనుమానం రాదు. కాబట్టి సంఖ్య పనిచేస్తోందా అని చూడటం తనిఖీ కాదు. ఆ సంఖ్య తెచ్చిన శీర్షిక, డేటాబేసులో రాసుకున్న శీర్షిక ఒకటేనా అని చూడటమే తనిఖీ. కృత్రిమ మేధ పరికరాలు అసలు లేని డీఓఐలను నమ్మదగిన రూపంలో అల్లుతున్న ఈ రోజుల్లో డీఓఐలకూ ఇదే పరీక్ష పెట్టాలి.

స్ప్రెడ్‌షీట్లు చేసే హాని వేరు. 0704.0001 అన్న ఆర్కైవ్ సంఖ్యను అవి దశాంశ సంఖ్యగా భావించి ముందున్న సున్నాను తీసేస్తాయి. 1501.00010లో చివరి సున్నా పోతే మిగిలేది వేరే సంఖ్య. ఈ కాలమ్‌లను మొదటే పాఠ్యరూపంగా ప్రకటించాలి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన డీఓఐకి వాక్యాంత బిందువో, బ్రాకెట్టో అంటుకుని రావడం మామూలే. పంక్తి చివర విరిగిన చోట అదనపు అడ్డగీత కూడా దూరుతుంది. సిసి ఆధారిత డీఓఐల్లోని కోణ బ్రాకెట్లను ఎక్స్‌ఎంఎల్, హెచ్‌టీఎంఎల్ ఫైళ్లలో మార్చి రాయకపోతే ఫైలే విరిగిపోతుంది.

వెర్షన్లు, ఉపసంహరణలు

ప్రీప్రింటుకు ఒక డీఓఐ, అదే పరిశోధన పత్రికలో వచ్చాక మరొకటి. రెండూ ఒకటే వ్యాసమా? గ్రంథాలయ దృష్టిలో రెండు వేర్వేరు ప్రతులు, పాఠకుడి దృష్టిలో ఒకటే పని. క్రాస్‌రెఫ్ వాటి మధ్య సంబంధాన్ని నమోదు చేసే వీలు కల్పించింది. డేటాబేసు తాను ఆధారపడిన ప్రతి ఏదో దాన్నే ఉదహరించి, రెండోదాన్ని సంబంధంగా చూపడం సరైన పని. సంఖ్యలు, పట్టికలు సమీక్షలో మారుతుంటాయి కనుక ఈ తేడా పైపైది కాదు. జెనోడో వంటి భాండారాలు మొత్తం కృతికి ఒక డీఓఐ, ప్రతి వెర్షనుకూ ఒక డీఓఐ ఇస్తాయి.

వ్యాసం ఉపసంహరించినా దాని డీఓఐ, పబ్‌మెడ్ ఐడీ చెరిగిపోవు, చెరగకూడదు కూడా. ఉపసంహరణ ప్రకటనకు వేరే సంకేతం వస్తుంది. ఉపసంహరణల జాబితా నడిపే రిట్రాక్షన్ వాచ్ డేటాబేసును 2023 సెప్టెంబరులో క్రాస్‌రెఫ్ సొంతం చేసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. నిల్వలో ఉన్న డీఓఐలను అప్పుడప్పుడూ దానితో సరిపోల్చడం ఇప్పుడు కష్టమేమీ కాదు. సంకేతాలు సరిగా ఉంచుకోనివారికి ఆ సౌకర్యం అందదు.

పరిమితులు

డీఓఐ ఉండటం నాణ్యతకు గుర్తు కాదు. సమీక్ష లేని పత్రికలకూ డబ్బు కడితే డీఓఐలు దొరుకుతాయి. మరోవైపు సభ్యత్వ రుసుము, ఒక్కో రికార్డుకు రుసుము భరించలేని చిన్న పత్రికల మంచి వ్యాసాలు డీఓఐ లేకుండానే మిగిలిపోతాయి. డీఓఐ ఉన్నవాటినే లెక్కించే డేటాబేసు తనకు తెలియకుండానే వాటిని బహిష్కరిస్తుంది. ఇంకొకటి, డీఓఐ పాఠకుణ్ణి ప్రచురణకర్త పేజీకి చేరుస్తుంది, వ్యాసం చదవనివ్వడం దాని పని కాదు. పాఠకుడి గ్రంథాలయంలో అందుబాటులో ఉన్న ప్రతికి దారి చూపడానికి ఓపెన్‌యూఆర్‌ఎల్ అనే వేరే పద్ధతి పుట్టింది (చూ. ఓపెన్‌యూఆర్‌ఎల్).

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకు పెద్ద నిలయం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలతో దానికి ఊపొచ్చింది. అక్కడి ప్రతి గ్రంథానికీ 10603 ప్రిఫిక్సుతో హ్యాండిల్ ఉంది. అది నమోదైన హ్యాండిల్ కాబట్టి ఉల్లేఖనకు పనికొస్తుంది. అదే డీస్పేస్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న కొన్ని సంస్థాగత భాండారాల్లో మాత్రం చిరునామా మధ్య 123456789 కనిపిస్తుంది. సాఫ్ట్‌వేరుతో నమూనాగా వచ్చే అంకెలవి, ఎవరి పేరునా నమోదైనవి కావు. చూపులకు హ్యాండిల్‌లాగే ఉన్నా ఆ వెబ్‌సైటు పేరు మారిన రోజున ఎక్కడికీ తీసుకుపోదు. ఇటువంటి చిరునామాను శాశ్వత సంకేతంగా నిల్వ చేయకూడదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తన పంటల పరిశోధన డేటాసమితులకు 10.21421 ప్రిఫిక్సుతో డీఓఐలిస్తోంది.

తెలుగులో వెలువడే సాహిత్య, చరిత్ర పరిశోధన పత్రికల్లో ఐఎస్‌ఎస్‌ఎన్ ఉన్నా వ్యాసస్థాయి సంకేతం లేనివి ఉన్నాయి. ఐఎస్‌ఎస్‌ఎన్ పత్రికను గుర్తిస్తుంది, వ్యాసాన్ని కాదు. ఇటువంటి వ్యాసాలకు డేటాబేసులో సొంత సంఖ్యతో పాటు పత్రిక ఐఎస్‌ఎస్‌ఎన్, సంపుటం, సంచిక, పుటలు తెలుగు లిపిలోనూ లిప్యంతరీకరణలోనూ ఉంచడమే మార్గం.

పాత తెలుగు పుస్తకాల విషయంలో జరిగినది ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పెద్ద స్కానింగ్ కేంద్రంగా పనిచేసింది. స్కాన్ చేసిన ప్రతి పుస్తకానికీ ఒక బార్‌కోడ్ సంఖ్య వేశారు. అది శాశ్వత సంకేతంగా ఉద్దేశించినది కాదు, పని లెక్క కోసం వేసినది. ఆ వెబ్‌సైటు తరువాత అందుబాటులో లేకుండా పోయి, దాన్ని చూపిన లంకెలు చచ్చిపోయాయి. కానీ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరినప్పుడు వివరాలతో పాటు బార్‌కోడ్ కూడా చేరింది. ఉల్లేఖనలో లంకె పక్కన ఆ సంఖ్యను కూడా రాసుకున్నవారు నేటికీ అదే ప్రతిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికి పట్టుకోగలుగుతున్నారు.